పేరు వేసుకోని పెద్దమనిషి

మన సినిమా మొదలవ్వాలంటే ముందు పెద్ద తతంగం. పొగాకు హెచ్చరిక, దేవుడి పటం, దండ వేసిన తాతగారి ఫోటో, ఫలానావారి సమర్పణ, ఆపైన తెర నిండా కృతజ్ఞతలు. కథలోకి వెళ్ళేసరికి పాప్‌కార్న్ సగం ఖాళీ. ఈ గోలతో విసిగిపోయినవాళ్ళు ఈమధ్య ఒక సినిమా వాట్సాప్ గ్రూపులో పాతకాలపు హాలీవుడ్ నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్ ఫోటో పెట్టారు. వందల సినిమాలు తీయించి, బతికుండగా తెరమీద పేరు వేసుకోని మనిషి అని కింద రాశారు. ఎవరికి వాళ్ళు ఇచ్చుకునే క్రెడిట్‌కి విలువ ఉండదని ఆయన అనేవాడట, అదీ రాశారు. వరసగా దండాల ఎమోజీలు. మన నిర్మాతలు చూసి నేర్చుకోవాలని ఒకాయన.

థాల్‌బర్గ్ అంటే నాకూ ఇష్టమే. ఆయన నడిపిన ఎం.జి.ఎం. స్టూడియో తొలి రోజుల గురించి ఎక్కడ ఏది కనబడినా చదువుతాను. ఆయన్ని మెచ్చుకోవడానికి కారణాలు బోలెడున్నాయి. ఈ పేరు వేసుకోకపోవడాన్ని మాత్రం నేను ఆ జాబితాలో చేర్చలేను. అందరూ వినయం అంటున్నారు. నాకది ఆయన పెత్తనం చేసిన తీరులో ఒక భాగంగా కనిపిస్తుంది. పేరు లేకపోతే మెప్పు రాదు, నిజమే. నింద కూడా రాదు. ముప్ఫై ఏడేళ్ళకే పోవడంతో ఆ నింద వచ్చే వయసు కూడా ఆయనకి రాలేదు.

డాక్టర్లు చెప్పిన గడువు

1899లో బ్రూక్లిన్‌లో పుట్టినప్పుడే గుండె బాగాలేదు. ఒళ్ళు నీలంగా ఉన్న బిడ్డ. ఇరవై ఏళ్ళు బతికితే గొప్ప, ముప్ఫై దాటడం కష్టం అన్నారు డాక్టర్లు. ఇంట్లో మాట చెల్లేది తల్లి హెన్రియెటాది. కొడుకు రోగిష్టిలా మూల కూర్చోకూడదని ఆవిడ పట్టుబట్టి చదివించింది. హైస్కూలు రోజుల్లో రుమాటిక్ జ్వరం వచ్చి ఏడాదిపాటు మంచాన పడితే పుస్తకాలు మంచం దగ్గరికే వచ్చాయి. నవలలు, నాటకాలు, విలియం జేమ్స్ తత్వశాస్త్రం, ఏది దొరికితే అది. కాలేజీ ఆశ వదులుకుని టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకున్నాడు. న్యూయార్కులో యూనివర్సల్ సినిమా కంపెనీ ఆఫీసులో చిన్న ఉద్యోగంలో చేరి, యజమాని కార్ల్ లెమ్లీకి సెక్రటరీ అయ్యాడు. షూటింగు ముక్కలు (రషెస్) చూసి ఈ కుర్రాడు చెప్పే మాటలు లెమ్లీకి నచ్చాయి. కాలిఫోర్నియా తీసుకెళ్ళి, చివరికి స్టూడియోనే అప్పజెప్పి వెళ్ళాడు. అప్పటికి థాల్‌బర్గ్‌కి ఇరవై ఒకటి నిండలేదు. యూనివర్సల్ సిటీ అంతా అతని మాట మీద నడుస్తోంది, చెక్కు మీద అతని సంతకం మాత్రం చట్టప్రకారం చెల్లదు. పేరు లేకుండా పెత్తనం చేయడం అక్కడే అలవాటైందేమోనని నాకో సరదా అనుమానం.

తనకి టైము లేదని చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. ఆయన పని చేసిన వేగానికి ఇదే కారణమని అందరూ రాస్తారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషే ఇతరుల టైముని లెక్కలేకుండా తినేశాడు. ఎం.జి.ఎం.లో ఆయన గది బయట రచయితలు గంటలు కాదు, రోజులే కూర్చునేవాళ్ళు. వారానికి వేల డాలర్లు తీసుకునేవాళ్ళు కూడా ఆ బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ ఉండేవాళ్ళు. కామెడీ నటులు మార్క్స్ సోదరుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళని గదిలో కూర్చోబెట్టి ఎంతసేపటికీ రాకపోతే బట్టలిప్పేసి, అక్కడున్న పొయ్యి దగ్గర చేరి బంగాళాదుంపలు కాల్చుకుంటూ కూర్చున్నారని వాళ్ళలో ఒకడైన గ్రౌచో చెప్పేవాడు. వచ్చి చూసి థాల్‌బర్గ్ నవ్వేశాడట, కోపగించుకోలేదట. ఈ కథని ఆయన మంచితనానికి రుజువుగా చెప్తారు. నాకు మాత్రం మిగతా రచయితలు గుర్తొస్తారు. బట్టలిప్పి నిరసన తెలిపే ధైర్యం స్టార్‌లకి ఉంటుంది గానీ, వారం వారం కాంట్రాక్టు మీద బతికేవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

స్ట్రోహైమ్ తగాదా

1922 అక్టోబర్లో ఇరవై మూడేళ్ళ థాల్‌బర్గ్, తనకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడైన దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్‌ని యూనివర్సల్‌లో షూటింగు మధ్యలో ఉత్తరం ఇచ్చి తీసేశాడు. దర్శకుడే సినిమాకి రాజు అన్న రోజులు ఆ ఉత్తరంతో అయిపోయాయని చరిత్రకారులు అంటారు. రెండేళ్ళలో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. స్ట్రోహైమ్ గోల్డ్‌విన్ కంపెనీకి ‘గ్రీడ్’ తీస్తూ ఉండగా, మెట్రో, గోల్డ్‌విన్, మేయర్ కంపెనీలు కలిసిపోయి ఎం.జి.ఎం. పుట్టింది. స్టూడియో పెద్ద లూయీ బి. మేయర్ పక్కన కొత్త కుర్చీలో ఉన్నది అదే థాల్‌బర్గ్. స్ట్రోహైమ్ మొదట చూపించింది నలభైకి పైగా రీళ్ళు. జనం ముందుకు వచ్చింది పది. కోసేసిన భాగం మళ్ళీ ఎవరికీ దొరకలేదు.

ఇక్కడ నేను స్ట్రోహైమ్ పక్షం పూర్తిగా తీసుకోలేను. తొమ్మిది గంటల సినిమాని ఏ హాలువాడు ఆడిస్తాడు? ఖర్చు విషయంలో ఆయన చేసిన ఆగడాలూ తక్కువేం కాదు. అదీకాక ఆ తర్వాతి ఏడాది అదే థాల్‌బర్గ్ కింద, అదే ఎం.జి.ఎం.లో ‘ది మెర్రీ విడో’ తీసి స్ట్రోహైమ్ పెద్ద హిట్టు కొట్టాడు. కాబట్టి ఇది దుర్మార్గుడైన నిర్మాత, బలైపోయిన కళాకారుడు అన్న సులువైన కథ కాదు.

నా పేచీ మరోచోట ఉంది. ఆ పది రీళ్ళ సినిమా మీద దర్శకుడిగా స్ట్రోహైమ్ పేరే ఉంది. 1924 డిసెంబర్లో అది విడుదలై ఫెయిలైనప్పుడు ఎవరి సినిమా ఫెయిలైంది? స్ట్రోహైమ్‌ది. కోతకి ఆజ్ఞ ఇచ్చినవాళ్ళ పేరు వెతుక్కున్నా తెరమీద కనబడదు. తను తీసిన సినిమా అది కాదని స్ట్రోహైమ్ జీవితాంతం చెప్పుకుంటూ తిరగాల్సి వచ్చింది. థాల్‌బర్గ్‌కి ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన అవసరమే రాలేదు.

రీషూట్ల లోయ

ఇప్పుడు నా వాదనకి అడ్డొచ్చే సంగతి. సినిమా సరిగ్గా రాకపోతే మళ్ళీ తీయాలి అన్నది ఒక పద్ధతిగా పెట్టింది థాల్‌బర్గ్. తయారైన సినిమాని లాస్ ఏంజిలస్ బయట ఏదో చిన్న ఊరికి పట్టుకెళ్ళి, చెప్పాపెట్టకుండా వేసి, జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదిలారు, ఎక్కడ లేచి బయటికి వెళ్ళారు అని చూసేవాడు. తిరిగొచ్చాక సీన్లు కొత్తగా రాయించి, సెట్టు మళ్ళీ వేయించి తీయించేవాడు. కల్వర్ సిటీలోని ఆ స్టూడియోకి రీషూట్ల లోయ అని ఎగతాళి పేరు కూడా పడింది. మన దగ్గర రీషూట్ అని వార్త వస్తే సినిమా పోయినట్టే లెక్క. యూనిట్ వాళ్ళు ఉలిక్కిపడి, అదేం లేదు, ప్యాచ్‌వర్క్ మాత్రమే అని ఖండిస్తారు. ఆయన ఆ భయాన్నే తీసేశాడు.

కింగ్ వీడార్ తీసిన ‘ది బిగ్ పరేడ్’ చిన్న బడ్జెట్‌తో మొదలైంది. చూసి, ఇందులో ఇంకా ఉంది అని యుద్ధం సీన్లకి మళ్ళీ డబ్బు పెట్టించింది థాల్‌బర్గే. న్యూయార్కులో ఒకే హాల్లో ఏడాదిన్నరకి పైగా ఆడింది. మార్క్స్ సోదరులతో ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’ (1935) తీసేటప్పుడైతే ఇంకో అడుగు ముందుకి వేశాడు. షూటింగుకి ముందే కామెడీ సీన్లని నాటకంలా ఊరూరా ఆడించాడు. ఏ జోకుకి ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకుని, ఆ నవ్వు అయ్యేదాకా తెరమీద ఎంత ఖాళీ వదలాలో తేల్చుకున్నారు. ప్రేక్షకుడి మీద ఇంత గౌరవం, ఇంత ఓపిక నాకు ఇంకే స్టూడియో పెద్దలోనూ కనబడలేదు. ఈ మనిషిని ఉత్త అధికార దాహంగలవాడని కొట్టిపారేస్తే అది అన్యాయం.

అయితే ఈ పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. మళ్ళీ తీసేటప్పుడు అదే దర్శకుడు ఉండాలని లేదు, ఖాళీగా ఉన్న ఇంకొకడు వచ్చి తీసేవాడు. ఒకే కథ మీద ఒకరికి తెలియకుండా ఒకరు నలుగురు రచయితలు పనిచేసేవాళ్ళు. చివరికి సినిమా ఎవరిది? దానికి జవాబు తెలిసింది ఒక్కడికే, పేరు వేసుకోని ఆ ఒక్కడికి. ఎం.జి.ఎం. సినిమా ‘గ్రాండ్ హోటల్’కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. దర్శకుడు ఎడ్మండ్ గూల్డింగ్‌కి నామినేషన్ కూడా లేదు. నటులకి లేదు, రచయితకి లేదు. ఆ ఒక్క అవార్డు తప్ప ఆ సినిమాకి ఇంకే నామినేషనూ రాలేదు. ఓటు వేసినవాళ్ళందరికీ అది ఎవరి సినిమానో తెలుసు మరి. ఊళ్ళో కరణంగారి ఇంటికి బోర్డు అక్కర్లేనట్టు, థాల్‌బర్గ్‌కీ టైటిల్ కార్డు అక్కర్లేదు.

సినిమా పోయినప్పుడు మాత్రం బోర్డు ఉన్న ఇంటికే రాళ్ళు తగిలాయి. 1932లో వచ్చిన ‘ఫ్రీక్స్’ చూడండి. సర్కస్‌లో పనిచేసే వికలాంగులే నటించిన సినిమా. స్టూడియోలో చాలామంది ఆపేయమని గొడవ చేసినా థాల్‌బర్గ్ నిలబడ్డాడు, అది నిజంగా ధైర్యమే. ప్రివ్యూలో జనం బెదిరిపోయాక దాన్ని కోసి గంట చిల్లరకి తెచ్చారు. అయినా పోయింది. బ్రిటన్లో మూడు దశాబ్దాలు నిషేధం. ఆ దెబ్బ నుంచి దర్శకుడు టాడ్ బ్రౌనింగ్ మళ్ళీ సరిగ్గా తేరుకోలేదు. థాల్‌బర్గ్ ఆ ఏడాదే ‘గ్రాండ్ హోటల్’తో ఇంకో మెట్టెక్కాడు.

తీసినవాళ్ళ పేరు లేని న్యూస్‌రీళ్ళు

1934 సంగతి చదివినప్పుడే ఈ విషయంలో నాకు ఒక స్పష్టత వచ్చింది. నవలా రచయిత, సోషలిస్టు అయిన అప్టన్ సింక్లేర్ ఆ ఏడాది డెమొక్రాట్ల తరఫున కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీ చేశాడు. మూతబడ్డ ఫ్యాక్టరీలు, బీడు పడ్డ పొలాలు నిరుద్యోగులకి అప్పగిస్తానన్నాడు. స్టూడియోల మీద పన్నులు పెంచుతానన్నాడు. స్టూడియోల వాళ్ళు హడలిపోయారు. ఉద్యోగుల దగ్గర ఒకరోజు జీతం చొప్పున ప్రత్యర్థి ఫ్రాంక్ మెరియమ్ నిధికి వసూలు చేశారు. ఎం.జి.ఎం.లో థాల్‌బర్గ్ చేతుల మీదుగా చిన్న చిన్న ఎన్నికల న్యూస్‌రీళ్ళు తయారయ్యాయి. రోడ్డు మీద జనాన్ని అడిగినట్టు ఉంటాయి. ఇస్త్రీ బట్టల పెద్దమనుషులు మెరియమ్‌కి ఓటంటారు. మాసిన గడ్డంవాళ్ళు, యాస మాట్లాడేవాళ్ళు సింక్లేర్‌కి అంటారు. ఒకదాంట్లో గూడ్సు బళ్ళెక్కి దేశం నలుమూలల నుంచి దేశదిమ్మరులు కాలిఫోర్నియాకి దిగుతున్నట్టు చూపించారు. ఎన్నికల ముందు ఇవి హాళ్ళలో మామూలు వార్తల్లాగే ఆడాయి. సింక్లేర్ ఓడిపోయాడు. ఎన్నికలప్పుడు మన ఫోన్లలోకి ఊరూ పేరూ లేకుండా వచ్చిపడే వీడియోలకి ఇవి ముత్తాతలు.

ఇంతాచేస్తే థాల్‌బర్గ్ ఈ విషయం దాచుకున్న మనిషేమీ కాదు. ఒక విందులో నటుడు ఫ్రెడ్రిక్ మార్చ్ ఆ న్యూస్‌రీళ్ళు తీసినవాళ్ళని తిడుతుంటే, అవి తీసింది నేనే అని థాల్‌బర్గ్ నెమ్మదిగా చెప్పాడని, రాజకీయాల్లో అన్యాయం అనేదే లేదని కూడా అన్నాడని జీవితచరిత్రల్లో ఉంది. ఆ నిజాయితీకి ఒక నమస్కారం. కానీ ఆ మాట ఎక్కడ చెప్పాడు? తన వాళ్ళ మధ్య, విందు గదిలో, ఎన్నిక అయిపోయాక. టిక్కెట్టు కొని హాల్లో కూర్చున్నవాడికి ఎవరూ చెప్పలేదు. ‘గ్రాండ్ హోటల్’ మీద పేరు లేకపోతే ప్రేక్షకుడికి పోయేదేం లేదు. ఈ న్యూస్‌రీలు మీద పేరు లేకపోవడం ప్రేక్షకుణ్ణి మోసం చేయడమే. రెండిట్లోనూ అలవాటు మాత్రం ఒకటే.

ముప్ఫై ఏడు

1932 క్రిస్మస్ సమయంలో గుండెపోటు వచ్చింది. కోలుకోవడానికి భార్య, నటి నార్మా షీరర్‌తో యూరప్ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీ లేదు. మొత్తం స్టూడియో సినిమాలన్నిటికీ ఒకే పెద్ద అన్న ఏర్పాటు ఎత్తేసి, మేయర్ తన అల్లుడు డేవిడ్ సెల్జ్‌నిక్‌తో సహా కొంతమంది నిర్మాతలకి తలా కొన్ని సినిమాలు పంచాడు. థాల్‌బర్గ్ వాళ్ళలో ఒకడయ్యాడు. చివరి మూడేళ్ళలో తీసినవి తక్కువే గానీ వాటిలో ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ ఉత్తమ చిత్రమైంది. భార్య కోసం ‘రోమియో అండ్ జూలియట్’ తీశాడు. పదమూడేళ్ళ జూలియట్‌గా ముప్ఫై దాటిన షీరర్, రోమియోగా నలభై దాటిన లెస్లీ హోవర్డ్. మన హీరోల కాలేజీ స్టూడెంటు వేషాలు చూసినవాళ్ళకి ఇదేం వింత కాదులెండి.

1936 సెప్టెంబర్ మొదట్లో సెలవులకి మాంటరే వెళ్ళాడు. అక్కడ పట్టిన జలుబు న్యుమోనియాగా మారింది. పెన్సిలిన్ ఇంకా వైద్యుల చేతికి రాలేదు. సెప్టెంబర్ 14న శాంటా మోనికాలోని ఇంట్లో పోయాడు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, పెద్దవాడికి ఆరేళ్ళు. అంత్యక్రియల రోజు ఎం.జి.ఎం. మూతపడింది. మరుసటి ఏడాది వచ్చిన ‘ది గుడ్ ఎర్త్’ మొదట్లో ఆయన స్మృతికి అంకితం అని కార్డు వేశారు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఆయన పేరుతో నిర్మాతలకి అవార్డు పెట్టింది.

బతికుంటే ఏమయ్యేవాడు అని చాలామంది రాశారు. మేయర్ ఎలా అయ్యాడో చూస్తే సరిపోతుందని నాకనిపిస్తుంది. మేయర్ 1957 దాకా ఉన్నాడు. హాళ్ళని స్టూడియోల నుంచి విడదీసిన 1948 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూశాడు. అంతకుముందు ఏడాది మొదలైన బ్లాక్‌లిస్టులో, అంటే కమ్యూనిస్టులన్న అనుమానంతో సినిమావాళ్ళకి పని లేకుండా చేయడంలో, తనూ ఒక చెయ్యి వేశాడు. 1951లో సొంత కంపెనీలోంచే బయటికి వెళ్ళాల్సి వచ్చింది. అందుకే ఇవాళ మేయర్ అంటే విలన్, థాల్‌బర్గ్ అంటే రాకుమారుడు. కమ్యూనిస్టు రచయితల పేర్లు అమెరికా కాంగ్రెస్ కమిటీ అడిగితే థాల్‌బర్గ్ ఏం చేసేవాడో మనకి తెలియదు, 1934 మాత్రం తెలుసు.

ఇంత చెప్పాక కూడా నన్ను ఇబ్బంది పెట్టేవాడు ఒకడున్నాడు. అమెరికన్ నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్. 1931లో ఎం.జి.ఎం.లో ఆయన రాసిన స్క్రిప్టుని థాల్‌బర్గ్ పక్కన పడేసి అనీటా లూస్ చేత రాయించాడు. ఆ అవమానం అనుభవించిన మనిషే తన ఆఖరి నవలలో థాల్‌బర్గ్‌ని మనసులో పెట్టుకుని హీరోని సృష్టించాడు. సగంలో ఉండగా 1940లో తనూ పోయాడు, నలభై నాలుగేళ్ళకి. దెబ్బ తిన్నవాడికే అంత ఆరాధన ఉంటే, ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత పుస్తకాలు తిరగేసి తప్పులు పట్టడానికి నేనెవర్ని? ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఏదో కనబడింది. వినే తీరు, కథలో తప్పు ఎక్కడుందో పట్టుకునే చూపు, ఆరోగ్యం బాగాలేదని తెలిసినందువల్ల వచ్చే జాలి. ఇవన్నీ నిజమే అయుంటాయి. ఆ మనిషిని ప్రేమించడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ పద్ధతిని ఆదర్శం అనడం దగ్గరే నాకు పడదు.

ఎందుకంటే ఆయన చివరి వేసవికి ముందు జరిగిన గొడవ ఈ పేర్ల గురించే. 1936లో సినిమా రచయితల సంఘం స్క్రీన్ రైటర్స్ గిల్డ్ బలపడాలని చూస్తోంది. వాళ్ళ అసంతృప్తుల్లో ముఖ్యమైనది తెరమీద పేరు. ఎవరు రాసినా, రచయితగా ఎవరి పేరు వేయాలన్నది స్టూడియో ఇష్టం. నలుగురు రాసినదానికి నిర్మాత స్నేహితుడి పేరు పడ్డా అడిగే దిక్కు లేదు. థాల్‌బర్గ్ తన రచయితల్ని పిలిచి, ఈ గిల్డ్ మాట మానకపోతే స్టూడియో మూసేయడానికైనా సిద్ధమని హెచ్చరించాడు. స్టూడియోల అండతో పోటీ సంఘం ఒకటి లేచింది, గిల్డ్ చెల్లాచెదురైంది. తన పేరు ఎక్కడా వేసుకోని మనిషి, ఎదుటివాళ్ళ పేర్లు వేసే హక్కుని మాత్రం వదలనన్నాడు.

గిల్డ్ మళ్ళీ లేచింది. 1938లో ప్రభుత్వ లేబర్ బోర్డు పెట్టిన ఎన్నికలో రచయితలు దాన్నే ఎన్నుకున్నారు. స్టూడియోలు ఇంకో మూడు నాలుగేళ్ళు నాన్చాయి. చివరికి కుదిరిన ఒప్పందంతో, రచయితగా ఎవరి పేరు పడాలో తేల్చే అధికారం గిల్డ్‌కి వచ్చింది. ఇవాళ్టికీ అక్కడ ఆ పని వాళ్ళదే. మన దగ్గర కథ నాదంటే నాదని రోడ్డెక్కే రచయితల్ని చూస్తున్నాం కదా. గ్రూపులో ఆ ఫోటో పెట్టినవాళ్ళు నేర్చుకోమంటే నేను నేర్చుకోమనేది ఈ పని.